చేప బతికితే నీరు మంచిదేనా?

ఆసుపత్రి నుంచి బయటికి వచ్చే నీటిని వదలవచ్చో లేదో తేల్చడానికి మన దేశంలో ఒక పరీక్ష ఉంది. ఆ నీటిలో వేరే నీరు ఏదీ కలపకుండా చేపల్ని వదులుతారు. 96 గంటలు ఆగి చూస్తారు. నూటికి తొంభై చేపలు బతికి ఉంటే నీరు పాసైనట్టే. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది. దానితోపాటు మరో అయిదు కొలతలున్నాయి. పీహెచ్ 6.5కూ 9కీ మధ్య ఉండాలి. లీటరు నీటిలో కరగని ఘనపదార్థాలు 100 మిల్లీగ్రాములు, నూనె, జిడ్డు 10 మిల్లీగ్రాములు, బీఓడీ 30, సీఓడీ 250 మించకూడదు. చివర శుద్ధి కేంద్రం ఉన్న ఊరి మురుగు కాలువలోకి నీరు వదిలే ఆసుపత్రులకైతే వేరే ప్రమాణాలు, కాస్త సడలించినవి.

ఈ కొలతల్లో తప్పు పట్టాల్సిందేమీ లేదు. నీటిలోని ప్రాణవాయువును మురుగు ఎంత తినేస్తుందో బీఓడీ చెబుతుంది. విష రసాయనాలేమైనా ఉన్నాయేమో చేప చెబుతుంది. కానీ ఆ నీటిలో ఏ మందుకూ లొంగని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా ఉందా, దాని దగ్గర ఏయే జన్యువులున్నాయి, అవి పక్కనున్న మరో బ్యాక్టీరియాకు అందుతున్నాయా అని అడిగితే చేప జవాబు చెప్పలేదు. ఆసుపత్రి నీటికీ హోటలు నీటికీ ఉన్న అసలు తేడా అదే. మనం కొలవకుండా వదిలేసిందీ దాన్నే.

కొన్నేళ్ల కిందట మా పిన్నికి మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ వస్తే ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. అంతకుముందు వాడిన మాత్రలేవీ పనిచేయలేదు. మూడో రోజు కల్చర్ రిపోర్టు వచ్చింది. మందుల పేర్ల పక్కన వరసగా ‘ఆర్’, ‘ఆర్’, ‘ఆర్’. అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగదని. అడుగున రెండు మూడింటికి మాత్రం ‘ఎస్’ ఉంది. రోజుకు మూడుసార్లు మెరోపెనెమ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. బిల్లు సంగతి చెప్పను గానీ, పిన్ని కోలుకుంది.

ఆ వారం రోజులూ నేను టీ కోసం ఆసుపత్రి వెనక వీధిలోకి వెళ్లేవాణ్ని. ప్రహరీ గోడ కింద నుంచి ఒక పైపు బయటికొచ్చి మునిసిపాలిటీ కాలువలోకి తెరుచుకుని ఉండేది. టీకొట్టువాళ్లు గ్లాసులు కడిగే బకెట్టు ఆ కాలువ గట్టునే. ప్లంబింగ్ చూసుకునే మనిషి కూడా అక్కడే టీ తాగేవాడు. ‘‘అన్నా, ఈ నీళ్లకు లోపల ఏమన్నా చేస్తారా?’’ అని ఒకరోజు అడిగాను. ‘‘బ్లీచింగ్ వేస్తాం సార్. తనిఖీ ఉందంటే ఇంకొంచెం ఎక్కువ వేస్తాం’’ అన్నాడు. అబద్ధం చెప్పలేదు, దాచనూ లేదు. అతన్ని అంతకుమించి ఎవరూ అడగలేదు, అంతే.

మెరోపెనెమ్ ఒంట్లోకి ఎక్కించాక అందులో సుమారు 70 శాతం ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. సిప్రోఫ్లోక్సాసిన్ అయితే దాదాపు సగం. వాటి వెంట రోగి పేగుల్లోని బ్యాక్టీరియా వస్తుంది. ఇంజెక్షన్ల దాడిని తట్టుకుని మిగిలినది ఏదో అదే ఎక్కువగా వస్తుంది. ఐసీయూలో తుడిచిన క్రిమిసంహారకాలు, ల్యాబ్‌లో కడిగిన నీళ్లు, డయాలిసిస్ నీళ్లు అన్నీ అదే పైపులో కలుస్తాయి. వంద పడకలు దాటిన ఆసుపత్రికి పడకకు రోజుకు 450 లీటర్ల నీరు కావాలని మన భవన నిర్మాణ ప్రమాణాలు లెక్కగట్టాయి. ఆ లెక్కన 500 పడకల ఆసుపత్రికి రోజుకు 2,25,000 లీటర్లు. అందులో ఎక్కువ భాగం మురుగుగా బయటికి రావాల్సిందే.

ఇక్కడ బ్యాక్టీరియా బతుకు గురించి కాస్త చెప్పుకోవాలి. అది తెలియకపోతే ఈ పైపు గురించి ఇంత గొడవ దేనికో అర్థం కాదు. మనకు జన్యువులు తల్లిదండ్రుల నుంచి వస్తాయి. బ్యాక్టీరియాకు పక్కవాడి నుంచి కూడా వస్తాయి. వాటి ప్రధాన డీఎన్‌ఏతో సంబంధం లేకుండా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయాలు విడిగా ఉంటాయి. ఒక బ్యాక్టీరియా మరో దాన్ని తాకి, ఒక సన్నని గొట్టం లాంటి నిర్మాణం ద్వారా ఆ వలయం నకలును అందించగలదు. గోడ మీదుగా పక్కింటికి కూర గిన్నె అందించినట్టు. ఇచ్చినవాళ్ల దగ్గరా కూర మిగులుతుంది, పుచ్చుకున్నవాళ్ల దగ్గరా ఉంటుంది. పైగా పక్కిల్లు ఒకే జాతిది కానక్కర్లేదు. క్లెబ్సియెల్లా నుంచి ఈ.కోలికి, అక్కణ్నుంచి ఇంకో దానికి పోవచ్చు.

ఆ గిన్నెలో తరచూ ఒక్క కూరే ఉండదు. పెన్సిలిన్ జాతి మందుల్ని విరగ్గొట్టే జన్యువు, మందును లోపలి నుంచి బయటికి తోడేసే పంపు తాలూకు జన్యువు, క్రిమిసంహారకాల్ని తట్టుకునే జన్యువు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. అందువల్ల ఒక విచిత్రం జరుగుతుంది. కాలువలో మెరోపెనెమ్ చుక్క కూడా లేకపోయినా, నేల తుడిచిన క్రిమిసంహారకం మాత్రమే ఉన్నా, దాన్ని తట్టుకునే జన్యువు కోసం బ్యాక్టీరియా మొత్తం ప్లాస్మిడ్‌ను కాపాడుకుంటుంది. మెరోపెనెమ్ నిరోధక జన్యువు ఉచితంగా వెంట వస్తుంది. ఇంకో సంగతి. బ్యాక్టీరియాను చంపడానికి కావాల్సిన మోతాదులో ఎన్నో వంతు మందు ఉన్నా చాలు, నిరోధకత ఉన్నవాటికి మిగతావాటి మీద పైచేయి దొరుకుతుందని స్వీడన్ పరిశోధకులు 2011లో ప్రయోగశాలలో చూపించారు. ‘కాలువలో మందు బాగా పలచబడిపోతుంది కదా’ అనే ధీమా అప్పటినుంచి చెల్లదు.

ఈ జన్యువులు మనిషి పుట్టించినవి కావు, ఆ మాట ఒప్పుకోవాలి. 30,000 ఏళ్లనాటి గడ్డకట్టిన మట్టిలోనూ నిరోధక జన్యువులు దొరికాయి. మట్టిలోని సూక్ష్మజీవులు ఒకదానిపై ఒకటి యాంటీబయాటిక్‌లతో పోరాడుతున్నప్పుడు రక్షణ కవచాలూ తయారవుతాయి. అయితే మట్టిలో ఏదో మూల పడి ఉన్న జన్యువు వేరు, మనిషి పేగులో బతికే బ్యాక్టీరియాలోకి, అదీ చేతులు మారే ప్లాస్మిడ్ మీదికి ఎక్కి కూర్చున్న జన్యువు వేరు. మొదటిది చరిత్ర. రెండోది మన వార్డు.

ఈ కథలో మన దేశం పేరు 2009లో ప్రపంచం నోట పడింది. భారతీయ మూలాలున్న ఒక స్వీడన్ నివాసి 2007లో న్యూఢిల్లీలో ఆసుపత్రిలో చేరి, తర్వాత తిరిగి వెళ్లాడు. అక్కడ అతని మూత్రంలో క్లెబ్సియెల్లా న్యుమోనియే దొరికింది. కార్బాపెనెమ్ తరగతి మందులు, అంటే మెరోపెనెమ్, ఇమిపెనెమ్ లాంటివి, దాని మీద పనిచేయలేదు. కారణమైన కొత్త ఎంజైమ్‌కు న్యూఢిల్లీ మెటాలో-బీటా-లాక్టమేజ్ అని పేరు పెట్టారు. పొట్టిగా ఎన్‌డీఎం-1. జింకు అయాన్ల సాయంతో మందు అణువులోని కీలకమైన వలయాన్ని తెంచడం దీని పని. అదే రోగి మలంలోని ఈ.కోలిలో కూడా అదే జన్యువు మరో ప్లాస్మిడ్ మీద కనిపించింది. ఒకే మనిషి పేగుల్లో జన్యువు ఇల్లు మారిందన్నమాట.

2010 ఆగస్టులో చెన్నైకి చెందిన కార్తికేయన్ కుమారస్వామి మొదటి రచయితగా, బ్రిటన్ పరిశోధకులతో కలిసి వచ్చిన పత్రం ఈ జన్యువు భారత్, పాకిస్తాన్, బ్రిటన్‌లలో వ్యాపించి ఉందని చెప్పింది. అప్పుడు ఢిల్లీలో రేగిన కోపం ఎక్కువగా పేరు గురించే. మన రాజధాని పేరు ఎందుకు పెట్టారు, వైద్యం కోసం వచ్చే విదేశీయులు భయపడరా అని. పేరు మీద అభ్యంతరం న్యాయమైనదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఒక ఊరిని ఒక వ్యాధికి కట్టేసే అలవాటు మంచిది కాదు. కానీ ఆ గొడవలో పడి, జన్యువు ఎక్కడ తిరుగుతోందన్న ప్రశ్నను పక్కన పెట్టేశాం.

ఆ ప్రశ్నకు ఏడాదిలోపే ఒక జవాబు వచ్చింది. 2010 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో న్యూఢిల్లీ నడిబొడ్డుకు 12 కిలోమీటర్ల లోపల వీధుల్లో నిలిచిన నీరు, కాలువల నీరు 171 చోట్ల, కుళాయి నీరు 50 చోట్ల సేకరించారు. 171లో 51 నమూనాల్లో, 50 కుళాయి నీళ్లలో రెండింట్లో ఎన్‌డీఎం-1 జన్యువు దొరికింది. పోలిక కోసం బ్రిటన్‌లోని కార్డిఫ్ మురుగుశుద్ధి కేంద్రం నుంచి తీసిన 70 నమూనాల్లో ఒక్కదానిలోనూ లేదు. ఢిల్లీ నీళ్లలో ఆ జన్యువును మోస్తున్న వాటిలో రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా, కలరా కలిగించే విబ్రియో కూడా ఉన్నాయి. నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది మాత్రం ఇంకో ఫలితం. ప్లాస్మిడ్ ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి వెళ్లడం 25 డిగ్రీల దగ్గరా, మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గరా కంటే 30 డిగ్రీల దగ్గర ఎక్కువగా జరిగింది. ఉత్తర భారతంలోనైనా దక్షిణాన అయినా ఏడాదిలో చాలా నెలలు కాలువ నీళ్లు అటూ ఇటూగా ఆ వేడి మీదే ఉంటాయి.

మరి ఆ జన్యువులు కాలువల్లోకి ఎక్కడినుంచి వచ్చాయి? అందులో ఆసుపత్రుల వాటా ఎంత? ఐఐటీ ఢిల్లీ, బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఢిల్లీలోని 12 ఆసుపత్రుల నుంచి బయటికొచ్చే నీటిని, నగర మురుగు కాలువల నీటితో పోల్చి 2017లో ఫలితాలు ప్రకటించారు. కార్బాపెనెమ్‌లకు లొంగని పేగు బ్యాక్టీరియా, ఎన్‌డీఎం-1 జన్యువు రెండూ ఆసుపత్రి నీటిలో చాలా ఎక్కువ సాంద్రతలో కనిపించాయి. అంతకుముందే మధ్యప్రదేశ్‌లోని ఉజ్జయినిలో ఒక ఆసుపత్రి నీటిలో యాంటీబయాటిక్ అవశేషాలనూ, నిరోధకత ఉన్న ఈ.కోలినీ భారత, స్వీడన్ పరిశోధకులు కలిసి నమోదు చేశారు. అంటే రుజువులు లేక ఆగిపోయిన విషయం కాదిది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో ఒకటి బలమైనది. నగరం మొత్తం మురుగులో ఆసుపత్రి నీరు చిన్న వాటా మాత్రమే. నిరోధక జన్యువులు ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న మనుషుల పేగుల్లోనూ ఉన్నాయి. కాబట్టి మొత్తం లెక్కలో ఇళ్ల మురుగే ఎక్కువ జన్యువుల్ని మోస్తుంది. ఆసుపత్రి పైపు ఒక్కటి మూసి ఏం లాభం? ఈ వాదనలో సగం నిజం. 60 దేశాల్లో 79 చోట్ల శుద్ధి చేయని మురుగును పరిశీలించిన ఒక అంతర్జాతీయ అధ్యయనం 2019లో వచ్చింది. మురుగులోని నిరోధక జన్యువుల మోతాదుకు ఆ దేశపు పారిశుద్ధ్యం, ఆరోగ్య పరిస్థితులతో గట్టి సంబంధం ఉందని అందులో తేలింది. మన దగ్గర పట్టణాల మురుగు రోజుకు 7,236.8 కోట్ల లీటర్లని, నిజంగా శుద్ధి అవుతున్నది 2,023.6 కోట్ల లీటర్లేనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో లెక్క చెప్పింది. అంటే నూటికి 28. మిగతా 72 వంతుల గురించి మాట్లాడకుండా ఆసుపత్రిని మాత్రమే దోషిని చేస్తే అది అన్యాయమే.

కానీ మిగతా సగం చూడండి. అతి అరుదైన, అతి ప్రమాదకరమైన జన్యువులు ముందుగా గుమికూడేది ఆసుపత్రిలోనే. ఆఖరి అస్త్రాలుగా దాచుకున్న మందులు రోజూ వాడేది అక్కడే. కార్బాపెనెమ్‌లు ఓడిపోతే మిగిలేవి కొలిస్టిన్ లాంటి కొన్నే. అది కిడ్నీలకు హాని చేస్తుందని ఎప్పుడో పక్కన పెట్టిన పాత మందు, గత్యంతరం లేక మళ్లీ తీశారు. ఆ కొలిస్టిన్‌కూ ప్లాస్మిడ్ మీద ప్రయాణించే నిరోధక జన్యువు 2015లో చైనాలో బయటపడింది. కోళ్ల మేతలో, పశువుల పెంపకంలో కొలిస్టిన్ వాడకాన్ని మన ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది. మంచి పని. కోళ్ల ఫారం విషయంలో చూపిన ఆ జాగ్రత్త, అదే మందు వాడే ఐసీయూ పైపు దగ్గర ఎందుకు లేదన్నదే నా ప్రశ్న. వాటా చిన్నదైన చోటే నీటిని పట్టుకోవడం కూడా తేలిక. రెండు లక్షల లీటర్లను గోడ లోపల శుద్ధి చేయడమా, అది కోట్ల లీటర్లలో కలిశాక వెతుక్కోవడమా?

తెలుగువాళ్లకు ఈ పాఠం కొత్తదేమీ కాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఒక్క రోజులో ఆ నీటితో పోయిన మందు సుమారు 45 కిలోలు, అంటే స్వీడన్ దేశం మొత్తం అయిదు రోజుల్లో వాడేంత. ఆ దుమారం తర్వాత చాలా ఏళ్లకు, 2020 జనవరిలో, మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. కంపెనీల విషయంలో కనీసం ముసాయిదా దాకా అయినా వచ్చాం. ఆసుపత్రుల విషయంలో అదీ లేదు.

ఇప్పుడు బ్లీచింగ్ సంగతి. క్లోరిన్ బ్యాక్టీరియాను చంపుతుంది, అందులో సందేహం లేదు. కానీ నీటిలో మలం, రక్తం, సబ్బు ఎక్కువగా ఉంటే క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది. అందుకే మొదట బ్యాక్టీరియా సాయంతోనో వడపోతతోనో నీటిని తేటపరిచి, చివర్లో క్లోరిన్ వేయాలి. ఇంకో చిక్కుంది. చచ్చిన బ్యాక్టీరియా పగిలి దాని డీఎన్‌ఏ నీటిలోకి వస్తుంది. జన్యువును మోసేవాడు పోయాడు గానీ జన్యువు మిగిలింది. అలా నీటిలో తేలే డీఎన్‌ఏను లోపలికి లాక్కోగల బ్యాక్టీరియాలు ఉన్నాయి. ఫ్రెడరిక్ గ్రిఫిత్ 1928లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో చచ్చిన న్యుమోనియా బ్యాక్టీరియా నుంచి బతికున్నదానికి ప్రమాదకర లక్షణం వచ్చింది ఆ దారినే. పాఠ్యపుస్తకంలో ఈ ప్రయోగం చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మనం. ఆసుపత్రి ట్యాంకు దగ్గర అది గుర్తుకు రాదు. అయితే, ఇలా చచ్చినదాని నుంచి జన్యువు అందడం బతికున్న రెండు బ్యాక్టీరియాల మధ్య ప్లాస్మిడ్ మారినంత తేలిక కాదు. కాబట్టి చంపడం మానేయమని కాదు, చంపడంతో ఆగకూడదని నా మాట. చిక్కని మురుగులో సరిపడా మోతాదు, సమయం లేకుండా బ్లీచింగ్ చల్లితే మాత్రం రెండూ మిగులుతాయి, బ్యాక్టీరియా కూడా, జన్యువు కూడా.

కాలువలోకి పోయింది పోయిందే అనుకోవడం కూడా పొరపాటు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధన ఆసుపత్రిలో 2011లో కార్బాపెనెమ్‌లకు లొంగని క్లెబ్సియెల్లా 18 మంది రోగులకు సోకింది. వాళ్లలో 11 మంది చనిపోయారు, ఆరు మరణాలకు ఆ ఇన్‌ఫెక్షనే కారణమని తేల్చారు. డబ్బుకూ నైపుణ్యానికీ కొదవలేని చోటు అది. తర్వాత అక్కడి సింకులు, మురుగు గొట్టాలు, బయటి మ్యాన్‌హోళ్లు పరీక్షిస్తే నిరోధక జన్యువులున్న ప్లాస్మిడ్‌లు రకరకాలుగా దొరికాయి. ఆసుపత్రి గొట్టాల లోపలి పాకుడే వాటికి నివాసం. సింకు కింద గొట్టంలో పెరిగిన పొర నుంచి తుంపర పైకి లేచి చేతుల మీద, పక్కన పెట్టిన సామాను మీద పడుతుందని ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్లు చూసేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు.

దీని ధర ఎవరు చెల్లిస్తున్నారో చెప్పే లెక్క ఒకటుంది. ఢిల్లీలోని మూడు ఆసుపత్రుల్లో నవజాత శిశువుల విభాగాల్లో చేరిన 13,530 మంది పసికందుల్ని గమనించిన అధ్యయనం 2016లో వచ్చింది. నూటికి 14 మందికి పైగా శిశువులకు సెప్సిస్, అంటే రక్తమంతా పాకే ఇన్‌ఫెక్షన్ వచ్చింది. పరీక్షల్లో అన్నిటికంటే ఎక్కువగా దొరికిన అసినెటోబాక్టర్‌లో 82 శాతం పలు మందులకు లొంగనివే. మూడింట రెండు వంతుల ఇన్‌ఫెక్షన్లు పుట్టిన 72 గంటల్లోపే మొదలయ్యాయి. యాంటీబయాటిక్‌లు అతిగా వాడొద్దు, కోర్సు మధ్యలో ఆపొద్దు అని మనం రోగులకు పదేపదే చెబుతుంటాం. పుట్టి మూడు రోజులు కూడా కాని బిడ్డ ఏ కోర్సు మధ్యలో ఆపింది? ఆ బ్యాక్టీరియా తల్లి నుంచో, ఎవరి చేతుల నుంచో, నీటి నుంచో, గది నుంచో వచ్చింది. కచ్చితంగా ఫలానా కాలువ నుంచే అని ఏ ఒక్క బిడ్డ విషయంలోనూ వేలెత్తి చూపలేం. కానీ ఒక నగరంలో ఆసుపత్రి, కాలువ, కుళాయి, తల్లి పేగు అన్నీ ఒకే జన్యువుల్ని ఇచ్చిపుచ్చుకుంటున్నప్పుడు అందులో ఒక్క మజిలీని అసలు చూడకుండా వదిలేయడం ఏం లెక్క?

చేయాల్సిన మొదటి పని ఖరీదైనది కాదు. వైద్య కళాశాల ఆసుపత్రుల్లో, పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో మైక్రోబయాలజీ ల్యాబ్ ఉంటుంది. రోజూ వందల మూత్ర నమూనాల్ని అగార్ ప్లేట్ల మీద పెంచి, ఏ మందు పనిచేస్తుందో చెప్పే టెక్నీషియన్లు అక్కడ ఉన్నారు. అదే ల్యాబ్ నెలకోసారి సొంత ఆసుపత్రి మురుగు పైపు నుంచి ఒక సీసా నీళ్లు తీసుకుని అదే ప్లేట్ల మీద వేయొచ్చు. మొత్తం ఈ.కోలి ఎంత, అందులో మందును తట్టుకుని పెరిగినవి ఎంత అని రెండు ప్లేట్లు లెక్కపెడితే ఒక నిష్పత్తి వస్తుంది. సెఫోటాక్సిమ్ కలిపిన ప్లేట్లతో సరిగ్గా ఇలాంటి పద్ధతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ‘ట్రైసైకిల్’ పేరుతో ప్రచురించింది. మనుషులు, ఆహార జంతువులు, పర్యావరణం మూడింటినీ ఒకే కొలతతో చూడాలన్నది అందులోని ఆలోచన. దానికి మన ఆసుపత్రుల కోసం మెరోపెనెమ్ కలిపిన ఇంకో ప్లేటు చేర్చుకోవచ్చు. జన్యువుల్ని నేరుగా గుర్తించే పీసీఆర్ యంత్రాలు కోవిడ్ పుణ్యమా అని జిల్లాల దాకా వచ్చాయి. వాటిలో చాలావాటికి ఇప్పుడు అంత పని లేదు.

మురుగు నుంచి సమాచారం తీయడం మనకు రాని విద్య కాదు. 2020లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగర మురుగుశుద్ధి కేంద్రాల నీటిలో కరోనా వైరస్ జాడలు కొలిచి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉండొచ్చని అంచనా వేశారు. ఒక్కొక్కరి ముక్కులో పుల్ల పెట్టకుండానే నగరం సంగతి తెలిసింది. నిరోధక జన్యువుల విషయంలోనూ అంతే. వార్డులో మొదటి రోగి మీద మందు పనిచేయకపోవడానికి ముందే మురుగు మనకు కబురు చెప్పగలదు. ఏ మందును ముందుగా వాడాలో నిర్ణయించుకునే వైద్యులకు ఆ కబురు పనికొస్తుంది.

రెండో పని శుద్ధి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ శివార్లలోని హెర్లెవ్ ఆసుపత్రి తన మురుగును తానే శుద్ధి చేసుకునే కేంద్రాన్ని 2014లో పెట్టుకుంది. సన్నని పొరల వడపోతతో కలిసిన జీవ శుద్ధి, తర్వాత ఉత్తేజిత కార్బన్, ఓజోన్, అతినీలలోహిత కిరణాలు అన్నీ వరసగా ఉన్నాయి అందులో. మన ఇరవై పడకల నర్సింగ్ హోమ్‌ను అలాంటిది పెట్టమనడం పరిహాసం. అలా అడిగితే అది కాగితం మీద పెడుతుంది. కాబట్టి ఐసీయూలున్న పెద్ద ఆసుపత్రులు, వైద్య కళాశాలలతో మొదలుపెట్టాలి. చిన్నవాటి నీరు ఎలాగూ నగర శుద్ధి కేంద్రానికే చేరాలి, ఆ కేంద్రం నిజంగా నడవడం నగరపాలక సంస్థ బాధ్యత. శుద్ధిలో మిగిలే బురదను కూడా మరిచిపోకూడదు. సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి మందులు నీటిని వదిలి బురదకు అంటుకుంటాయి. ఆ బురద పొలానికి ఎరువుగా పోతే మనం జన్యువుల్ని వడగట్టి మరీ చేను మీద చల్లినట్టవుతుంది.

మూడోది అన్నిటికంటే కష్టం. పరీక్షిస్తే చెడ్డ ఫలితం వస్తుందని ప్రతి ఆసుపత్రి యాజమాన్యానికీ తెలుసు. ‘ఫలానా ఆసుపత్రిలో సూపర్‌బగ్’ అని మర్నాడు పేపర్లో వస్తుందని భయం. 2010లో ఒక దేశమే ఆ భయంతో ఎలా మాట్లాడిందో చూశాం. ఆసుపత్రుల్ని ఎందుకు తప్పుపట్టాలి? అందుకే మొదటి రెండు మూడేళ్లు ఆసుపత్రి పేరు లేకుండా జిల్లాల వారీగా లెక్కలు ప్రచురించాలి. ఎక్కువ నిరోధకత కనిపించినందుకు జరిమానా ఉండకూడదు. పరీక్ష చేయనందుకు మాత్రం ఉండాలి. చాలా బ్యాక్టీరియా దొరికిన ఆసుపత్రి చెడ్డదని కాదు, అది కష్టమైన రోగుల్ని చేర్చుకునే ఆసుపత్రి కావచ్చు. ఏడాది తర్వాత దాని అంకె తగ్గిందా అన్నదే చూడాల్సింది.

ప్రపంచంలో 2019లో బ్యాక్టీరియా ఔషధ నిరోధకత నేరుగా కారణమైన మరణాలు సుమారు 12.7 లక్షలని ఒక పెద్ద అంచనా. ఆ అంకె వినీ వినీ మొద్దుబారిపోయాం. నాకు మాత్రం పిన్ని రిపోర్టులోని ఆ ‘ఆర్’ల వరసే గుర్తొస్తుంది.

ఈ వ్యాసం రాసే ముందు ఒక వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ బోధించే స్నేహితురాలికి ఫోన్ చేసి, మీ ఆసుపత్రి నీళ్లు మీరే పరీక్షించలేరా అని అడిగాను. ‘‘ప్లేట్లున్నాయి, ఇంక్యుబేటర్ ఉంది, పిల్లలకు ప్రాజెక్టుగా ఇస్తే ఎగిరి గంతేస్తారు. రిపోర్టు ఎవరికి పంపమంటావు?’’ అంది. ప్రతి ఆసుపత్రీ ఏటా జూన్ 30లోపు కాలుష్య నియంత్రణ మండలికి నాలుగో నంబరు ఫారం నింపి పంపాలి. అందులో ద్రవ వ్యర్థాలు ఎన్ని, శుద్ధి పద్ధతులేమిటి, ఏడాదిలో ఎన్నిసార్లు ప్రమాణాలు అందుకోలేకపోయారు అని ఒక గడి ఉంటుంది. దాని కింద ఇంకో గడి పట్టేంత చోటుంది.